అత్తా, అన్నీ సున్నాలే!

మా గుడియాత్తంలో గంగమ్మ శిరస్సు తిరునాళ్ళు వైగాసి నెల మొదట్లో జరుగుతాయని ఈ వూరివాళ్ళకూ, వేలూరువాళ్ళకూ నేను చెప్పనక్కరలేదు. అయితే మన పత్రిక పైవూళ్ళలో స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళకు కూడా వెళుతుంది గనుక చెబుతున్నాను. ఆ రోజున కౌండిన్యానది గట్టు పొడుగునా ఇసక వేస్తే రాలదు. ఇంటికి దూరంగా వున్న పిల్లలు దీపావళికి రాకపోయినా దీనికి మాత్రం వస్తారు. మా మేనకోడలు కూడా వచ్చింది. కాట్పాడి, కె.వి.కుప్పం మీదుగా బస్సులో వచ్చి, చెప్పులు విప్పకుండానే వసారాలో కూలబడింది. చేతిలో లాప్‌టాప్ సంచీ. మొహం చూస్తే మూడు రోజులు లంఖణాలు చేసినదానిలా వుంది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"ఒంటికేం, బాగానే వుంది. అత్తా, అన్నీ సున్నాలే!" అంది.

ముప్పైనాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని నేను. సున్నాలు వేయడం నా వృత్తి. సున్నాలు చూసి ఏడ్చే పిల్లలు నాకు కొత్త కాదు. కాకపోతే ఆ సున్నాలు వేసినది ఈసారి నేను కాదు, ఒక కంప్యూటరు. కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, మెల్లగా చెప్పమన్నాను.

ఆమె వేలూరులో ఒక పరిశోధనశాలలో వుంది. ఏ పరిశోధనశాల అని అడక్కండి. 1900లో ఐడా స్కడ్డరమ్మ ఒక్క మంచంతో ఆస్పత్రి మొదలుపెట్టిన నాటినుంచీ వేలూరు జబ్బులకు మందు వెతికే వూరుగానే పేరుపడింది. అటువంటి చోట్లు ఇప్పుడు అక్కడ చాలా వున్నాయి. మా పిల్ల వెతికేది చక్కెర జబ్బు వున్నవాళ్ళ మూత్రపిండాల సంగతి. మూత్రపిండం దెబ్బతిన్నప్పుడు ఆల్బుమిన్ అనే ప్రొటీను మూత్రంలోకి కారుతుంది. దాన్నిబట్టే డాక్టర్లు సాధారణంగా కనిపెడతారు. అంతకంటె ముందుగానే కనిపించే మరో ప్రొటీను ఏదైనా వుందా, వుంటే రోగి నాలుగేళ్ళు ముందే జాగ్రత్త పడవచ్చుగదా అని ఆమె పాటు.

ఈ పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో మా వీధిలో అందరికీ తెలుసు. వాళ్ళ నాయన, అంటే మా తమ్ముడు, పద్దెనిమిదేళ్ళుగా చక్కెర జబ్బు మనిషి. మూడేళ్ళ కిందట మూత్రపిండాలు సగం పోయాయని తేలింది. ముందుగా తెలిసి వుంటే అని వాడు ఒక్కనాడూ అనలేదు గాని, ఆ పిల్ల మనసులో అదే. సంక్రాంతికి వచ్చినప్పుడు, "నాయనా, ఒకటి దొరికినట్టుంది" అని చెప్పింది. వాడు ఆగుతాడా? "మా పాప కనిపెట్టేసింది" అని టీకొట్లోనూ, క్షవరం చేసేవాడి దగ్గరా, లుంగీలు కొనడానికొచ్చే వర్తకుల దగ్గరా చాటాడు. జూలైలో ఏదో సభలో ఆ సంగతి గోడపత్రిక మీద రాసి పెట్టడానికి అనుమతి కూడా వచ్చింది. ఇంతలో కొత్త రోగుల నమూనాలు తెచ్చి పరీక్షిస్తే ఈ సున్నాలు!

ఈ ప్రొటీన్లను వెతికే పద్ధతి ఆ సాయంత్రం ఆమె నాకు చెప్పినట్టే మీకు చెబుతాను. ప్రొటీను అనేది అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన పొడుగాటి దండ. దాన్ని ఉన్నపళాన తూచి పోల్చుకోవడం కష్టం. అందుకని ట్రిప్సిన్ అనే జీర్ణరసం వేసి తుంచుతారు. అది ఎక్కడబడితే అక్కడ తుంచదు. లైసీన్, ఆర్జినీన్ అనే రెండు రకాల పూసల తరవాతనే తుంచుతుంది. అలా వచ్చిన చిన్న ముక్కే పెప్టైడు. ఆ ముక్కను మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రంలోకి పంపితే, అది ముక్కను తూచి, మళ్ళీ పగలగొట్టి, తునకలను కూడా తూచి, వాటి బరువులను గీతలుగా గీసి ఇస్తుంది. పూటకు ఇటువంటి గీతల పటాలు వేలకు వేలు వస్తాయి.

ఈ పటం ఏ పెప్టైడుదో చెప్పేది కంప్యూటరు. దాని దగ్గర మనిషి శరీరంలో వుండే ప్రొటీన్ల జాబితా, ఇరవై వేల పైచిల్లర, వుంటుంది. వాటిని కాగితం మీద తుంచి, ఒక్కొక్క ముక్కా పగిలితే ఎలాంటి గీతలు రావాలో లెక్కగట్టి, వచ్చిన పటంతో పోల్చి, ఎక్కువగా కలిసినదానికి మార్కు వేస్తుంది. 1994లో అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జిమ్మీ ఎంగ్, మెకార్మాక్, జాన్ యేట్స్ అనేవాళ్ళు సీక్వెస్ట్ అనే ప్రోగ్రాముతో ఈ పని మొదలుపెట్టారట.

"అయితే ఇంకేం, ఎక్కువ మార్కు వచ్చినదే అసలైనది" అన్నాను.

"అక్కడే వుంది అత్తా తిరకాసు. ఎక్కువ మార్కు ఎప్పుడూ ఏదో ఒకదానికి వస్తుంది" అంది.

ఒక్క నిమిషం ఆలోచిస్తే నాకు అర్థమయింది. మన ఇళ్ళలో పెళ్ళి సంబంధాలు చూడడం లేదూ? బ్రోకరు పాతిక జాతకాలు తెస్తాడు. పొంతనలు చూస్తే అన్నిట్లోకి ఎక్కువ కుదిరినది ఒకటి వుండక తప్పదు. అంతమాత్రాన పిల్లకు తగినవాడు అతనే అనగలమా? తగినవాడి జాతకం ఆ కట్టలోనే లేదేమో! ఇది వినగానే ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. దానికింకా పెళ్ళి కాలేదు లెండి.

ఇక మార్కును నమ్మవచ్చునా, నమ్మితే ఎంతవరకూ అన్నదానికి మరో ప్రోగ్రాము. దానిపేరు పెప్టైడ్‌ప్రాఫెట్. ప్రాఫెట్ అంటే ప్రవక్త. మనవాళ్ళయితే సోదెమ్మ అని పెట్టి వుండేవాళ్ళు. 2002లో అమెరికాలో సియాటిల్ నగరంలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ సిస్టమ్స్ బయాలజీలో ఆండ్రూ కెల్లర్, అలెక్సీ నెస్విజ్‌స్కీ, యూజీన్ కోల్కర్, రూడీ ఏబర్‌సోల్డ్ అనేవాళ్ళు దీన్ని ప్రచురించారు. ఎవరైనా వుచితంగా వాడుకోవచ్చు. అది ప్రతి జోడింపుకూ సున్నాకూ ఒకటికీ మధ్య ఒక సంభావ్యత చెబుతుంది. 0.95 అంటే అటువంటివి వందలో తొంభైఅయిదు నిజమని. సున్నా అంటే చెప్పేదేముంది.

ఇది నాకు బాగా తెలిసిన లెక్క అని తెలిశాక నాకు హుషారు పుట్టింది. ఒక ఏడు నేను పిల్లలకు అవును-కాదు ప్రశ్నలు వంద ఇచ్చాను. దిద్దేసరికి మార్కులు రెండు గుట్టలుగా పడ్డాయి. కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టినవాళ్ళందరూ యాభై చుట్టూ, చదివినవాళ్ళు ఎనభై చుట్టూ. గుట్టలు రెండూ అరవై దాటాక ఒకదాని అంచు మరొకదాని అంచులో కలిశాయి. 62 వచ్చినవాడు చదివినవాడా, అదృష్టవంతుడా? వాడి కాగితం చూసి చెప్పలేం. రెండు గుట్టల ఆకారమూ తెలిస్తే మాత్రం, ఆ 62 దగ్గర ఏ గుట్ట ఎంత ఎత్తుందో చూసి, పదిమందిలో నలుగురు చదివినవాళ్ళు అని చెప్పవచ్చు. ఆ నాలుగు బై పదే సంభావ్యత. పెప్టైడ్‌ప్రాఫెట్ చేసేది సరిగ్గా ఇదే. తప్పు జోడింపుల గుట్ట ఒకటి, ఒప్పువాటి గుట్ట ఒకటి.

కలిసిపోయిన రెండు గుట్టలను విడదీయడం పాత విద్యే. 1894లో లండనులో కార్ల్ పియర్సన్ నేపుల్స్ రేవులో పట్టిన వెయ్యి పీతల కొలతలు తీసుకుని అవి రెండు గుట్టలని తేల్చాడు. ఆ తరవాత ఈ పనిని కొత్తదారిలో చేసినవారిలో మన తెలుగాయన వున్నారు. కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు, లోకమంతా సి.ఆర్.రావు అనే ఆయన. 1920లో హడగలిలో పుట్టి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కేంబ్రిడ్జిలో ఫిషర్ శిష్యుడై, 1948లో ప్రచురించిన ఒక వ్యాసంలో రెండు గుట్టల మిశ్రమాన్ని విడదీసే లెక్క చేసి చూపించారు. 2023 ఆగస్టులో, నూట రెండేళ్ళ వయస్సులో పోయారు. మన సంఘం గోడమీద వున్న పటాలలో ఆయన పటం ఎందుకు లేదో నాకు తెలియదు. కార్యవర్గంవారు ఈ వాక్యం చదివితే బాగుండును.

అసలు సంగతికి వస్తాను.

"ఆ గుట్టల బొమ్మ చూపించు" అన్నాను. చూపించింది. కొత్త నమూనాలలో గుట్ట ఒక్కటే వుంది, అదీ ఎడమవైపు. కుడివైపు ఒట్టి మైదానం. అంటే తరగతి మొత్తం కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టిందన్నమాట. అటువంటప్పుడు కంప్యూటరు 62 వచ్చినవాడికి కూడా సున్నా వేస్తుంది. వేయాలి. అది దాని జబ్బు కాదు, దాని గుణం.

"తరగతి మొత్తం తప్పు రాసిందంటే ప్రశ్నపత్రం మారిందేమో చూడు. తమిళం పరీక్షకు లెక్కల కాగితం ఇచ్చివుంటారు" అన్నాను వేళాకోళంగా. ఆ పిల్ల గబగబా ఏవో కాగితాల్లాంటివి తెరపైకి తెచ్చింది. రెండు నిమిషాల్లో, "అయ్యో!" అంది. పని నేర్చుకునే రోజుల్లో రొట్టెలు పొంగించే ఈస్టు ప్రొటీన్లతో అభ్యాసం చేసేవారట. ఆరువేల ప్రొటీన్ల ఆ జాబితా పేరు అలాగే వుండిపోయింది. మనుషుల మూత్రాన్ని ఈస్టు జాబితాలో వెతికింది! నిజంగానే ప్రశ్నపత్రం మారింది. జాబితా మార్చి మళ్ళీ వెతకమని కంప్యూటరుకు అప్పగించి, ఇద్దరం వీధిలోకి వెళ్ళి వూరేగింపు చూసి వచ్చాం. ఆ పిల్ల దారిలో నాకు మల్లెపూలు కొనిపెట్టింది. అంత తేలికయింది దాని మనసు.

కథ ఇంతటితో అయిపోయివుంటే నేను రాసేదాన్ని కాదు.

దిద్దిన కాగితాలు రెండోసారి చూడడం నాకు అలవాటు. ఒక పిల్లవాడి లెక్క తప్పని తేలితే, వాడు కిందటిసారి ఎలా చేశాడో కూడా తీసి చూసేదాన్ని. అన్నం తిన్నాక, "సంక్రాంతికి చెప్పావే, ఆ పాత జాబితా కూడా ఒకసారి చూపించు" అన్నాను. చూపించింది. 412 ప్రొటీన్లు. పక్కన సంభావ్యతలు. పైన, తప్పుల శాతం సున్నా. ఈ సున్నా మాత్రం ఆమెకు ఎంతో ఇష్టమైన సున్నా. నాకు ఆ పేర్లేవీ తెలియవు. అయినా చాకలిపద్దు చదివినట్టు పైనుంచి కిందికి చదువుతూ పోయాను. నడుమ నడుమ కొన్ని పేర్ల ముందు చిన్న అక్షరాలతో ఏదో వుంది.

"ఈ రివ్ అంటే ఏమిటే?" అన్నాను.

జవాబు రాలేదు. తల ఎత్తి చూస్తే ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ రివ్ ఏమిటో చెప్పాలంటే మా తాతగారి సంగతి చెప్పాలి. ఆయనకు పన్నెండు మగ్గాలుండేవి. గుడియాత్తం లుంగీ అంటే వున్న పేరు మీకు తెలిసిందే. నేసి వచ్చిన లుంగీలను ఒక మనిషి విప్పి చూసి, పోగు తెగినవీ, పేక జారినవీ, అంచు వంకరపోయినవీ తీసేసి, మంచివాటిని కట్టకట్టాలి. ఆ మనిషి కళ్ళు పెట్టి చూస్తున్నాడా, కునికిపాట్లు పడుతున్నాడా అన్నది తాతగారికి ఎప్పుడూ అనుమానమే. అందుకని నూరింటిలో అయిదు తెలిసిన చెడ్డ లుంగీలను ఆయనే దూర్చేవారు. వాటి అంచు మడతలో నీలం దారంతో చిన్న ముడి. సాయంత్రం మంచివాటి కట్ట విప్పి నీలం ముడుల కోసం వెతికేవారు. ఒకటి దొరికితే, చూసేవాడు నూరింటిలో ఇటువంటివి మరికొన్ని కూడా వదిలేసి వుంటాడని లెక్క. మూడు దొరికితే ఆ రోజు కట్టలన్నీ మళ్ళీ చూడవలసిందే.

కంప్యూటరువాళ్ళు చేసేదీ అదే. అసలు ప్రొటీన్ల జాబితాకు, అవే ప్రొటీన్ల అక్షరాలను వెనకనుంచి ముందుకు తిప్పి రాసిన బూటకపు ప్రొటీన్లను అన్నింటిని చేరుస్తారు. రివర్స్ అనే మాటలోని రివ్ అది. లోకంలో లేని ప్రొటీన్లు అవి. వాటికి జోడింపు కుదిరిందంటే అది కచ్చితంగా తప్పు. బూటకాలు ఎన్ని దొరికాయో, అసలు పేర్లతో చలామణీ అవుతున్న తప్పులు కూడా ఇంచుమించు అన్నే వుంటాయి. ఎలియాస్, గైగీ అనే ఇద్దరు 2007లో దీన్ని పద్ధతిగా వివరించి రాశారు. మా తాతగారు ఏమీ రాయలేదు.

మా పిల్ల చేసిన పొరపాటు ఇది. జాబితా తయారుచేసిన చోట బూటకాలకు రివ్ అని పేరు పెట్టారు. ఈమె ప్రోగ్రాముకు మాత్రం, డెకాయ్ అని మొదలయ్యేవి బూటకాలు అని చెప్పింది. డెకాయ్ అంటే ఎర. అలా మొదలయ్యేవి జాబితాలో ఒక్కటీ లేవు. కాబట్టి బూటకాలు సున్నా. బూటకాలు సున్నా గనుక తప్పులు సున్నా. తప్పులే లేవుగదా అని ఆమె గీతను 0.95 నుంచి 0.5కు దించింది. ఇంకా సున్నాయే! జాబితా పెరిగింది, అందరూ సంతోషించారు. ఆ 412లో 37 రివ్‌లు వున్నాయని ఆ రాత్రి మేమిద్దరం వేళ్ళమీద లెక్కపెట్టాం. అవి పోతే 375. ఆ 375లో దాదాపు మరో 37 దొంగలు మంచి బట్టలు కట్టుకుని కూర్చుని వున్నారు. ఎవరో తెలియదు.

ప్రోగ్రాము చెప్పలేదా అంటే, పాపం, చెప్పింది. మీరు చెప్పిన గుర్తుతో బూటకాలేవీ కనబడలేదు, అందుచేత వాటి సాయం లేకుండానే లెక్క చేస్తున్నాను అని ఒక వరస రాసింది. ఆ వరస వెనక వందల వరసలు వచ్చి దాన్ని పైకి తోసేశాయి. సున్నాలు వేసినప్పుడు రెక్కపట్టుకు లాక్కొచ్చినట్టు నా దగ్గరికి తెచ్చింది. నూటికి నూరు వేసినప్పుడు మాత్రం గుమ్మం దగ్గర గొణిగి వూరుకుంది. నా వుద్దేశంలో దానికి సున్నాలు వేసినందుకు దండం పెట్టాలి.

"నేనెంత తెలివితక్కువదాన్ని అత్తా!" అని ఆ పిల్ల ఏడ్చింది. అప్పుడు, అరవయ్యేళ్ళు దాటినా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి దానికి చెప్పాను.

1965 ప్రాంతం. నాకు తొమ్మిదో, పదో ఏడు. తాతగారి ముడులు వేసే పని నాది. ఒకరోజు నీలం దారం అయిపోయింది. కొట్టుకు వెళ్ళడానికి బద్ధకించి ఆకుపచ్చ దారంతో అయిదింటికీ ముడులు వేసి వూరుకున్నాను. తాతగారు సాయంత్రం మంచివాటి కట్టలో నీలం కోసం వెతికారు. ఒక్కటీ లేదు. చూసేవాడిని మెచ్చుకుని అర్ధరూపాయి కూడా ఇచ్చారు. నేను గుంజ చాటున నిలబడి చూస్తున్నాను. చెబితే తిడతారని చెప్పలేదు. ఆ కట్టలు మద్రాసు వర్తకుడికి వెళ్ళి, నెల తిరగకుండా సగానికి సగం తిరిగివచ్చాయి. ఆ వర్తకుడు మళ్ళీ మా దగ్గర కొనలేదు. తాతగారు చూసేవాడిని పనిలోంచి తీసేశారు. వాడిదీ తప్పే, కాదనను. కాని వాడికి ముగ్గురు పిల్లలు. వాడు వెళ్ళిపోతుంటే కూడా నేను నోరు విప్పలేదు.

ఇప్పటికీ అనుకుంటాను. తాతగారు మంచి కట్టలో నీలం లేదని చూసి సంతోషించారే గాని, చెడ్డ కుప్పలో అయిదూ వున్నాయా అని ఒక్కసారి లెక్కపెట్టి వుంటే? అక్కడా లేవని తెలిసేది. వేసిన అయిదు ఎక్కడికి పోతాయి? మా పిల్ల కూడా అదే చూడలేదు. జాబితాలో సగం బూటకాలు వేసినప్పుడు, కుప్పలో ఎక్కడా ఒక్కటైనా కనబడకపోవడం ఎలా సాధ్యం?

కాసేపటికి అది తేరుకుని, ఇంతకంటె పెద్దవాళ్ళకూ ఈ చిక్కు వచ్చిందని తనే చెప్పింది. 2014లో నేచర్ పత్రికలో మనిషి శరీరంలోని ప్రొటీన్ల చిత్తు పటాలు రెండు ఒకేసారి వచ్చాయి. ఒకటి అఖిలేశ్ పాండేగారి నాయకత్వాన అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌వారూ, మన బెంగుళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్‌వారూ కలిసి చేసినది. 17,294 జీన్లకు ప్రొటీన్లు కనబడ్డాయన్నారు. రెండోది జర్మనీలో మ్యూనిక్‌వాళ్ళది. గొప్ప పనులే. అయితే అదే ఏడు స్పెయిను దేశపు పరిశోధకులు కొందరు ఆ జాబితాలను తిరగేసి ఒక చిన్న ప్రశ్న వేశారు. వాసన పట్టే ప్రొటీన్లు రెండు జాబితాల్లోనూ వందకు పైగా వున్నాయి. మీరెవరూ ముక్కులోని కణజాలాన్ని పరీక్షించనే లేదే, ఇవి ఎక్కడినుంచి వచ్చాయి? అని. జాబితాలో తప్పుడు జోడింపులు చేరాయనడానికి అది ఆనవాలన్నారు. ఆ రెండు బృందాలవారూ తమ పటాలన్నిటినీ అందరికీ తెరిచి పెట్టారు గనుకనే పైవాళ్ళు చూడగలిగారని ఆ పిల్ల గట్టిగా అంది. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. ఆ తరవాత ప్రపంచ ప్రొటీన్ పథకంవారు నిబంధన గట్టిచేశారు. ఇదివరకు ఎవరూ చూడని ప్రొటీను దొరికిందనాలంటే, కనీసం తొమ్మిదేసి పూసల పెప్టైడులు రెండైనా, ఒకదానిలో ఒకటి ఇమిడిపోనివి, ఆ ప్రొటీనుకు మాత్రమే చెందినవి, చూపించాలి.

"నీ ప్రొటీనుకు ఎన్ని వున్నాయి?" అన్నాను.

"ఒకటే" అంది నేల చూస్తూ.

ఆ రాత్రే గుర్తు సరిచేసి పాతవాటిని మళ్ళీ లెక్కకు పెట్టింది. తెల్లవారుజామున నాలుగింటికి నన్ను లేపింది. బూటకాలు ఎక్కడ పడుతున్నాయో తెలిసినందువల్ల ఎడమ గుట్ట అసలు ఆకారం కంప్యూటరుకు తెలిసింది. అది అనుకున్నదానికంటె కుడివైపుకు బాగా చాచి వుంది. దొరికిందనుకున్న ప్రొటీను తాలూకు ఆ ఒక్క పెప్టైడు 0.81 నుంచి 0.31కి పడింది. నూటికి ఒక తప్పు మాత్రమే వుండేటట్టు గీత గీస్తే 412లో మిగిలినవి 290. అందులో అది లేదు. సరైన జాబితాతో మళ్ళీ వెతికిన కొత్త నమూనాలలో రెండు గుట్టలూ చక్కగా కనబడ్డాయి. వాటిలోనూ అది లేదు.

మా తమ్ముడికి చెప్పడం ఒక్కటే మిగిలింది. నేను చెబుతానన్నాను. వద్దంది. పొద్దున వాడు ఇడ్లీ తింటుండగా ఎదురుగా కూర్చుని, "నాయనా, సంక్రాంతికి నేను చెప్పినది తప్పు. అటువంటిది ఏదీ దొరకలేదు" అంది.

వాడు చేతిలోని ఇడ్లీ ముక్క కింద పెట్టాడు. "ఏం పాపా, వుందంటివి. ఇప్పుడు లేదంటే ఎట్లా? నేను వూరంతా చెప్పేస్తినే!"

"నేనే పొరపాటు చేశాను నాయనా."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నా వంక తిరిగి, "అక్కా, ఆ యంత్రం సంక్రాంతికి తప్పు చెప్పి ఇప్పుడు నిజం చెబుతా వుందని నీకెట్లా తెలుసు?" అన్నాడు. దబాయించడానికే అన్నాడు గాని, ప్రశ్న మంచిదే. ఆ పిల్ల లాప్‌టాప్ తెచ్చి, వాడి కంచం పక్కన పెట్టి, రివ్‌లను వాడిచేతే లెక్కపెట్టించింది. తాతగారి నీలం ముడుల సంగతి వాడికీ తెలుసు గనుక రెండో మాట చెప్పనక్కరలేకపోయింది. ఆకుపచ్చ ముడుల సంగతి అప్పుడు వాడికి కూడా చెప్పేశాను. "ఆ పొద్దు నువ్వేనా!" అని వాడు నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. ఆ చూసేవాడి పెద్దకొడుకు మా తమ్ముడితో కలిసి చదివినవాడు.

వేలూరు వెళ్ళిన మర్నాడే ఆ పిల్ల తన పైఅధికారికి అంతా చెప్పింది. ఆయన ముందు కోపగించి, తరవాత ఆ జాబితా తానూ చదివి వుండవలసిందని అన్నారట. జూలై సభకు రాసినది వెనక్కు తీసుకున్నారు. ఒక సంవత్సరం పని వెనకబడింది. వాళ్ళ నాయన టీకొట్టుకు నాలుగు రోజులు వెళ్ళలేదు. అయిదో రోజు వెళ్ళి, "ఇంకా కనిపెట్టలేదు, వెతకతా వుంది" అని చెప్పి వచ్చాడు.

మొన్న ఆదివారం వేలూరునుంచి ఫోన్ చేసింది. మూడో విడత నమూనాలు పూర్తయ్యాయట. గొంతులో పండగ.

"అత్తా, గీతకు పైన 1,460 జోడింపులు వచ్చాయి. అందులో రివ్‌లు పద్నాలుగు!"

"సరిగ్గా పద్నాలుగేనా? కిందివి కూడా లెక్కపెట్టావా?"

"పెట్టాను. గీత కింద వేలకొద్దీ వున్నాయి. అన్నీ ఎక్కడుండాలో అక్కడే వున్నాయి" అంది. తరవాత, బస్సు వచ్చిందనీ, నాయన మందులు తీసుకుని వస్తున్నాననీ, చారు మాత్రం నన్ను పెట్టమనీ చెప్పి ఫోన్ పెట్టేసింది.